సింథ్ చరిత్ర కీబోర్డ్ ప్లేయర్ల చేతికి ఎలా వచ్చింది

పియానో మూత తెరిస్తే చిన్న సుత్తి వెళ్లి తీగను కొట్టడం కంటికి కనిపిస్తుంది. పాడైతే చూసి బాగుచేయొచ్చు, కొలతలు తీసుకుని అలాంటిదే ఇంకొకటి చేయొచ్చు. సర్క్యూట్లతో శబ్దం పుట్టించే ఎలక్ట్రానిక్ వాయిద్యమైన సింథసైజర్ (సింథ్) అలా కాదు. 1970ల నాటి దాని మూత తెరిస్తే కనిపించేవి సర్క్యూట్ బోర్డులు, రెసిస్టర్లు, చిప్పులు. వాటిలో ఏది ఏ శబ్దానికి కారణమో ఎంత చూసినా తెలియదు. ఆ సంగతులు రాసిన కాగితాలు కంపెనీ బీరువాల్లో ఉండేవి, రాయనివి ఇంజనీర్ల బుర్రల్లో ఉండేవి. ఆ తర్వాత కంపెనీలే లేకుండా పోయాయి.

అమెరికాలో ఏఆర్‌పీ అనే సింథ్ కంపెనీ 1981లో మూతపడింది. మోగ్ కంపెనీని స్థాపించిన రాబర్ట్ మోగ్ 1977లోనే దాన్ని వదిలి వెళ్లిపోయాడు, కంపెనీ కూడా మరో పదేళ్లలో దివాలా తీసింది. ప్రాఫెట్-5 అనే సింథ్ చేసిన సీక్వెన్షియల్ సర్క్యూట్స్ కంపెనీ 1987లో ఆగిపోయి యమహా చేతికి వెళ్లింది. జపాన్ కంపెనీలు నిలిచాయి గానీ వాటి దృష్టి ఎప్పుడూ రాబోయే మోడల్ మీదే. 80ల చివరికి వచ్చేసరికి పరిస్థితి ఏమిటంటే, ఒక తరం సంగీతాన్ని మార్చేసిన వాయిద్యాల గురించి ఒక్క ప్రశ్న అడగాలన్నా అడగడానికి ఆఫీసు లేదు. ఆ ఖాళీలోకి విశ్వవిద్యాలయాలు రాలేదు, మ్యూజియంలు రాలేదు. అప్పటికి వాళ్లకు ఇవి చరిత్రలా కనిపించలేదు. వచ్చింది వాయించేవాళ్లు.

వాళ్లలో ముందుగా చెప్పుకోవాల్సిన పేరు మార్క్ వెయిల్. ఆయన కీబోర్డ్ ప్లేయర్. 1975లో మొదలైన ‘కీబోర్డ్’ అనే అమెరికన్ మాసపత్రికలో 1988లో చేరాడు. పాత సింథ్‌ల మీద అక్కడ ఆయన నడిపిన కాలమ్ 1993లో పుస్తకమైంది, 2000లో పెంచిన కూర్పు వచ్చింది. మధ్యలో హామండ్ ఆర్గన్ మీద వేరే పుస్తకం, 2014లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన పెద్ద గ్రంథం. పావు శతాబ్దం పాటు ఒకే విషయం చుట్టూ తిరిగిన మనిషి.

ఆయన మొదలుపెట్టిన సమయం గమనించాలి. 1988 అంటే కార్గ్ ఎం1 అనే కీబోర్డు మార్కెట్లోకి వచ్చిన సంవత్సరం. అసలు వాయిద్యాల నుంచి రికార్డు చేసి పెట్టిన శాంపిల్స్‌తో పియానో, వయొలిన్లు, డ్రమ్స్ అన్నీ ఒకే పెట్టెలోంచి వచ్చేస్తున్నాయి. విద్యుత్ సర్క్యూట్లతోనే శబ్దం పుట్టించే పాత అనలాగ్ సింథ్‌లను జనం అగ్గువకు వదిలించుకుంటున్న రోజులు. ఇప్పుడు లక్షలు పలికే, మోగ్ కంపెనీ చేసిన మినీమోగ్ సింథ్‌లు అప్పట్లో సెకండ్‌హ్యాండ్ షాపుల్లో మూలపడి ఉండేవి. ధర లేని వస్తువు గురించి శ్రద్ధగా రాయడానికి ఆ వస్తువు మీద ఇష్టం తప్ప వేరే కారణం ఉండదు. ఆ రోజుల్లో చేసిన రాతకు అందుకే విలువ ఎక్కువ. ధరలు పెరిగాక వచ్చిన సమాచారంలో అమ్ముకునేవాడి గొంతు కూడా కలుస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. అప్పటికి డిజైనర్లు చాలామంది బతికే ఉన్నారు, జ్ఞాపకాలు తాజాగా ఉన్నాయి. పది పదిహేనేళ్ల కిందటి పనే కాబట్టి ఫోన్ చేసి అడిగితే చెప్పగలిగేవాళ్లు.

అలా అడగడం వల్లే దక్కిన కథల్లో మినీమోగ్ పుట్టుక ఒకటి. 1970లో వచ్చిన ఈ చిన్న వాయిద్యం 1981 దాకా తయారైంది. సుమారు 12 వేలు అమ్ముడుపోయాయని లెక్క. ఇంత పెద్ద విజయానికి వెనుక కంపెనీ ప్రణాళిక ఉండి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. నిజానికి బిల్ హెంసాత్ అనే ఇంజనీర్ మధ్యాహ్నం భోజనం వేళల్లో, పక్కన పడేసిన విడిభాగాలతో మొదటి నమూనా కట్టాడు. వైర్లు గుచ్చుకుంటూ వాడాల్సిన గది నిండే మాడ్యులర్ (విడి భాగాలను కలిపి వాడే) సింథ్‌కు బదులు, ఎవరైనా భుజాన వేసుకుని కచేరీకి తీసుకెళ్లగలిగేది ఉంటే బాగుండునన్నది ఆయన ఆలోచన. ఏ కంపెనీ ఫైల్లోనూ ఇలాంటి విషయం ఉండదు. ఎవరో వెళ్లి కూర్చుని అడిగారు కాబట్టి మనకు తెలిసింది.

ఇక్కడే ఒక ప్రశ్న వస్తుంది. ఈ పని ఇంజనీర్లు ఇంకా బాగా చేయగలరు కదా? సర్క్యూట్ డయాగ్రం చదవగలిగేది వాళ్లే. అయినా కీబోర్డ్ ప్లేయర్ల చేతికే ఎందుకు వచ్చింది?

సమాధానం మినీమోగ్ ప్యానెల్ మీదే ఉంది. దానికి మెమరీ లేదు. శబ్దాన్ని పుట్టించే మూడు ఆసిలేటర్లు, దాన్ని వడగట్టే ఒక ఫిల్టర్, వాటి చుట్టూ నాబ్‌లు, స్విచ్‌లు. ఒక పాటకు ఒక శబ్దం సిద్ధం చేసుకున్నాక, తర్వాతి పాటకు నాబ్‌లు తిప్పితే ముందుది పోయినట్టే. రేపటి కచేరీలో అదే శబ్దం మళ్లీ కావాలంటే నాబ్‌ల స్థానాలు రాసి పెట్టుకోవాలి. దీనికోసం ప్యానెల్ బొమ్మ ముద్రించిన ఖాళీ కాగితాలు ఉండేవి. వాటి మీద పెన్సిల్‌తో ప్రతి నాబ్‌కూ గీత గీసుకునేవాళ్లు. వీటినే ప్యాచ్ షీట్లు అనేవాళ్లు. లండన్‌లో 1969లో వచ్చిన ఈఎంఎస్ వీసీఎస్3 సంగతి ఇంకా కష్టం. వైర్లకు బదులు పదహారు వరసలు, పదహారు నిలువుల గళ్ల పలక, అందులో గుచ్చే చిన్న పిన్నులు. పిన్ను రంగును బట్టి లోపలి రెసిస్టర్ మారుతుంది. ఏ గడిలో ఏ రంగు పిన్ను పెట్టారో రాసుకోకపోతే ఆ శబ్దం మళ్లీ దొరకదు.

అంటే ఈ వాయిద్యాలు వాయించడమంటేనే రాసుకోవడం. సితార్ కళాకారుడు తన సితార్ గురించి నోట్సు రాసుకోకపోయినా కచేరీ నడుస్తుంది, సింథ్ ప్లేయర్‌కు నడవదు. వెయిల్ లాంటివాళ్లు చేసింది కొత్త అలవాటు కాదు. స్టేజి వెనుక పెన్సిల్‌తో జరుగుతున్న పనిని పత్రిక పేజీల మీదికి తెచ్చారు, అంతే. సింథ్‌లను రాసి పెట్టేవాళ్లలో ఇంతమంది కీబోర్డ్ ప్లేయర్లు ఉండటం కాకతాళీయం అనిపించదు.

వాయించేవాడికే పట్టుబడే తేడాలు మరికొన్ని ఉన్నాయి. 1978లో డేవ్ స్మిత్ చేసిన ప్రాఫెట్-5 తీసుకుందాం. బయటికి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. లోపల మొదటి రెండు రివిజన్లలో (మార్చి చేసిన కూర్పుల్లో) ఎస్ఎస్ఎం కంపెనీ చిప్పులు వాడారు, మూడో రివిజన్ నుంచి కర్టిస్ చిప్పులకు మారారు. మార్చింది నాణ్యత కోసమే. పాతవి శ్రుతి నిలబెట్టడంలో మొరాయించేవి. కానీ ఆ మార్పుతో శబ్దం తత్వం కూడా మారింది. ఏది గొప్పదన్న వాదన ఇప్పటికీ తెగలేదు, తెగాల్సిన పని కూడా లేదు. ముఖ్యమైనదేమిటంటే, ఫలానా రికార్డులో వినిపించే ప్రాఫెట్ ఏ రివిజనో తెలియకపోతే ఆ శబ్దం గురించి ఏం మాట్లాడినా గాలిలో మాటే. కంపెనీ బ్రోషర్‌కు ఈ తేడా చెప్పాల్సిన అవసరం లేదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని వాయించినవాళ్లు చెప్పారు.

ఏఆర్‌పీ ఆడిసీ కథ ఇంకా విచిత్రం. 1972 నుంచి వచ్చిన ఈ సింథ్‌లో కాలక్రమంలో మూడు రకాల ఫిల్టర్లు మారాయి. రెండోది మోగ్ పేటెంట్ ఫిల్టర్‌కు మరీ దగ్గరగా ఉండటంతో మూడోది డిజైన్ చేశారు. ఆ మూడోదానిలో రెసిస్టర్ విలువల దగ్గర జరిగిన పొరపాటు వల్ల సుమారు 12 కిలోహెర్ట్జ్‌కు పైన ఉండాల్సిన మెరుపు తగ్గిపోయింది. పైగా పోటీదారులు నకలు కొట్టకుండా ఏఆర్‌పీ తన కీలక భాగాలను ఎపాక్సీ జిగురులో ముంచి గడ్డకట్టించింది. అది రాయిలా ఉంటుంది. కంపెనీ పోయాక పాడైన ఫిల్టర్‌ను బాగుచేయాలనుకున్నవాళ్లు ఆ గడ్డను కరిగించి, తొలిచి, లోపల ఏముందో గీసుకోవాల్సి వచ్చింది. పోటీ కంపెనీని ఆపడానికి చేసిన పని చివరికి కంపెనీ సొంత చరిత్రకే అడ్డం పడింది. ఈ మూడు ఫిల్టర్లలో ఏది ఏ కాలంలో వచ్చిందో, ఏది చెవికి ఎలా ఉంటుందో ఇవాళ తేలిగ్గా తెలుసుకోగలుగుతున్నామంటే, గడ్డలు తొలిచినవాళ్ల ఓపికే కారణం.

మరీ చిన్న విషయాలూ ఉన్నాయి. యమహా డీఎక్స్7 1983లో వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనిపెట్టిన ఎఫ్ఎం పద్ధతి (ఒక శబ్ద తరంగంతో మరోదాన్ని మార్చడం) మీద నడిచే డిజిటల్ సింథ్ అది. దాని కీలను ఎంత గట్టిగా కొట్టినా మిడిలో (కీబోర్డులు, కంప్యూటర్ల మధ్య వాయింపు సమాచారం పంపే పద్ధతిలో) వెళ్లే విలువ గరిష్ఠమైన 127 దాకా పోదు, 100 దగ్గర్లోనే ఆగుతుంది. దాని ప్రసిద్ధ ఎలక్ట్రిక్ పియానో శబ్దాన్ని ఇవాళ కంప్యూటర్లో, మామూలు మిడి కీబోర్డుతో వాయిస్తే కాస్త కటువుగా, గీరినట్టు ఉంటుంది. సాఫ్ట్‌వేర్ తప్పు కాదది. అసలు వాయిద్యం ఎప్పుడూ చేరని బలంతో కొడుతున్నాం. వేళ్లకు తెలిసిన ఈ సంగతి రాసిపెట్టేదాకా స్పెసిఫికేషన్ల జాబితాలో ఎక్కడా ఉండదు. యమహా సీఎస్-80 విషయం కూడా ఇంతే. దాదాపు వంద కిలోల బరువు, ఎనిమిది స్వరాలు అని కాగితం చెబుతుంది. నొక్కిన ప్రతి కీ విడివిడిగా వేలి ఒత్తిడికి స్పందించడం వల్ల గ్రీకు సంగీతకారుడు వాంగెలిస్ చేతిలో అది ఎందుకు అలా పలికిందో అర్థం కావాలంటే వాయించి చెప్పేవాడు కావాలి. మార్క్ డోటీ అనే మరో కీబోర్డ్ ప్లేయర్ ఒక్కో పాత సింథ్ ముందు కూర్చుని, ఒక్కో నాబ్‌నూ తిప్పి వినిపిస్తూ గంటల కొద్దీ వీడియోలు చేసింది ఇందుకే. చదివితే రానిది వింటే వస్తుంది.

తయారీ ఆగిపోవడానికి కారణాలు కూడా ఇలా మనుషుల నోటి ద్వారానే వచ్చాయి. రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్ 1980 నుంచి 1983 వరకే తయారైంది. అమ్ముడుపోక ఆపేశారనే మాట అంతటా వినిపిస్తుంది. రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కకెహాషి చెప్పింది వేరు. దాని శబ్దంలోని ఒక రకమైన సిజిల్ (చిటపట) కోసం కావాలనే లోపమున్న ట్రాన్సిస్టర్లు ఏరి వాడేవాళ్లమని, ట్రాన్సిస్టర్ల తయారీ మెరుగుపడ్డాక అలాంటివి దొరకడం ఆగిపోయిందని ఆయన వివరించాడు. కకెహాషి 2017లో చనిపోయాడు. రాబర్ట్ మోగ్ 2005లో, కర్టిస్ చిప్పులు చేసిన డగ్ కర్టిస్ 2007లో, డేవ్ స్మిత్ 2022లో వెళ్లిపోయారు. వాళ్లను అడగాల్సినవి అడిగే సమయం అయిపోయింది.

ఇప్పుడు సంస్థలు కదిలాయి. మోగ్ కాగితాలు ఆయన చదువుకున్న కార్నెల్ విశ్వవిద్యాలయానికి చేరాయి. స్టీవీ వండర్ రికార్డుల వెనుక ఉన్న టోంటో అనే భారీ సింథ్‌ను కెనడాలోని కాల్గరీ నేషనల్ మ్యూజిక్ సెంటర్ కొని, ఏళ్ల తరబడి బాగుచేసి 2018లో మళ్లీ పలికించింది. స్విట్జర్లాండ్‌లోని ఫ్రిబోర్గ్‌లో వేల కొద్దీ ఎలక్ట్రానిక్ వాయిద్యాలున్న మ్యూజియం ఉంది. మంచిదే. అయితే సింథ్‌ను అద్దాల పెట్టెలో పెడితే అది భద్రంగా ఉన్నట్టు కాదు. ఏళ్ల తరబడి కరెంటు పెట్టకపోతే కెపాసిటర్లు పాడవుతాయి, స్విచ్‌ల కాంటాక్ట్‌లు మాసిపోతాయి. అప్పుడప్పుడు వేసి వాయిస్తూ ఉంటేనే బాగుంటుంది. వాయించేవాళ్ల అవసరం అక్కడ కూడా తీరలేదు.

ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువమంది పట్టించుకోని మలుపు ఒకటుంది. ప్రాఫెట్-5 ముఖ్యమైన కొత్తదనం మెమరీ. 40 శబ్దాలు దాచుకుని బటన్ నొక్కితే తిరిగి వచ్చేవి. ప్లేయర్లకు పెద్ద ఊరట. ఆ బటన్‌తో పాటే పెన్సిల్, ప్యాచ్ షీట్ మూలకు వెళ్లిపోయాయి. వాయిద్యమే గుర్తుపెట్టుకుంటుంటే రాసుకోవడం ఎందుకు? డీఎక్స్7 వచ్చేసరికి నాబ్‌లు కూడా పోయాయి. తరంగాలు పుట్టించే ఆరు ఆపరేటర్లు, వాటిని కలిపే 32 అల్గారిథమ్‌లు, చిన్న తెరమీద ఒక్కో అంకె మార్చుకుంటూ పోవడం. కాగితం మీద గీసుకోవడానికి ప్యానెల్లో ఏమీ లేదు. పైగా ఆ మెమరీ నిలిచేది లోపలున్న చిన్న లిథియం బ్యాటరీ మీద. బ్యాటరీ అయిపోతే మెమరీ ఖాళీ. కంపెనీ ఇచ్చిన శబ్దాలు మళ్లీ ఎక్కించుకోవచ్చు, అవి అందరి దగ్గరా ఉన్నాయి. ప్లేయర్ స్వయంగా చేసుకున్నవి మాత్రం తిరిగి రావు. ఫలితంగా 1970ల నాటి ఒక మోగ్ శబ్దాన్ని పాత కాగితం చూసి తిరిగి తీయొచ్చు గానీ, 1986 నాటి సొంత డీఎక్స్7 శబ్దం చాలా సందర్భాల్లో శాశ్వతంగా పోయింది. గుర్తుపెట్టుకునే వాయిద్యాల కాలంలోనే మరుపు ఎక్కువ జరిగింది.

తెలుగు శ్రోతకు ఈ విషయం తగిలేది సరిగ్గా ఇక్కడే. మన సినిమా పాటల్లో సింథ్‌లు విరివిగా వినిపించడం మొదలైంది ఆ మెమరీ కాలంలోనే.

భారతదేశంలో ఈ వాయిద్యాల చరిత్ర అంతకంటే పాతది. 1954 నాటి హిందీ సినిమా ‘నాగిన్’లో నాగస్వరంలా వినిపించేది, కల్యాణ్‌జీ క్లావియోలిన్ అనే ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద వాయించినది. 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు మోగ్ మాడ్యులర్ సింథ్ వచ్చింది. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్ తదితరులు దాని మీద చేసిన సంగీతం టేపుల్లో ఉండిపోయింది. 2017లో పాల్ పర్గస్ అనే లండన్ సంగీతకారుడు ఆ ఆర్కైవ్‌లో వెతికి బయటికి తీసేదాకా బయటి ప్రపంచానికి దాని ఊసే లేదు. బొంబాయి సెషన్ వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ 1982లో రోలాండ్ జూపిటర్-8 సింథ్, టీబీ-303 బేస్ సింథ్, టీఆర్-808లతో పది రాగాలను డిస్కో తాళంలో చేశాడు. రికార్డు వచ్చింది, మరుగున పడింది. డచ్ సేకర్త ఎడో బౌమన్‌కు 2002లో ఢిల్లీలో దొరికి, 2010లో తిరిగి విడుదలైతే చాలామంది నమ్మలేదు. షికాగోలో 80ల రెండో సగంలో పుట్టిన యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతపు శబ్దం అంతకు ముందే బొంబాయిలో ఉండటమేమిటి, ఎవరో ఇప్పుడు చేసి పాత తేదీ వేశారన్నారు. ఆ అనుమానానికి సగం కారణం రాతలేమి. ఫలానా వాద్యకారుడి దగ్గర ఫలానా సింథ్ ఫలానా ఏడాది ఉందని ఎక్కడైనా రాసి ఉంటే ఆ ప్రశ్నే వచ్చేది కాదు.

చెన్నైలో, అప్పటి మద్రాసులో, పరిస్థితి ఇంకా పలచన. 80లు, 90ల తొలినాళ్లలో తెలుగు పాటలు చాలావరకు అక్కడే రికార్డయ్యేవి. సంగీత దర్శకుడు బాణీ కట్టాక, ఇంట్రోలో మెరిసే గంట శబ్దమో, చరణం కింద పరచుకున్న స్ట్రింగ్స్ ప్యాడో, బేస్ లైనో ఎంచింది చాలాసార్లు సెషన్‌కు వచ్చిన కీబోర్డ్ ప్లేయర్. ఏ.ఆర్. రెహమాన్ సంగీత దర్శకుడు కాకముందు ఇళయరాజా దగ్గర, రాజ్–కోటి దగ్గర కీబోర్డులు వాయించినవాడే. ఆయన ఆ తర్వాత ఎక్కడికి చేరాడో తెలుసు కాబట్టి ఆ సంగతి గుర్తుంది. ఆయన పక్కన, ఆయన తర్వాత అదే కుర్చీలో కూర్చున్నవాళ్ల సంగతి? క్యాసెట్ కవర్ మీద హీరో హీరోయిన్ల బొమ్మ, సంగీతం, రచన, గానం ఉండేవి. కీబోర్డ్ ఎవరో సాధారణంగా ఉండేది కాదు, ఏ కీబోర్డో అసలే ఉండేది కాదు.

దీన్ని అన్యాయం అనే కోణంలోనే చూస్తే సగమే చూసినట్టు. పేరు వేయకపోవడం ఒక నష్టం, శబ్దం ఆనవాలు పోవడం ఇంకో నష్టం. ఇవాళ పాత పాటను స్టేజి మీద యథాతథంగా వాయించాలనుకునే ఆర్కెస్ట్రా వాళ్లు చెవినే నమ్ముకుని, కొత్త కీబోర్డులో దగ్గరగా ఉన్న టోన్ వెతుక్కుంటారు. అది డీఎక్స్7 శబ్దమా, 1987లో వచ్చిన రోలాండ్ డీ-50 శబ్దమా, కంపెనీ ముందే పెట్టిన ప్రీసెట్టా, ప్లేయర్ మార్చుకున్నదా, రెండు కీబోర్డులను మిడితో కలిపి ఒకేసారి పలికించిందా అన్నది తెలిస్తే అరగంట పని. తెలియకపోతే ఎన్నాళ్లు వెతికినా ‘దాదాపుగా’ దగ్గరే ఆగుతుంది.

వెయిల్‌కు దొరికిన వెసులుబాటు ఇక్కడ లేదు. పది పదిహేనేళ్ల నాటి వాయిద్యాల గురించి ఆయన అడిగాడు, చెన్నై సెషన్లకు అప్పుడే ముప్ఫై ఐదు నలభై ఏళ్లు నిండాయి. అయినా ఆ రోజుల్లో ఇరవైల్లో ఉన్న ప్లేయర్లు చాలామంది ఇప్పుడు అరవైల్లో ఉన్నారు, పాటల వరుస చెబితే వేళ్లు గుర్తు తెచ్చుకుంటాయి. పాట పెట్టి వినిపించి, ఈ శబ్దం దేంట్లోది, ఎక్కడ కొన్నారు, మీతో పాటు ఇంకెవరు వాయించారు అని అడిగి రికార్డు చేసుకోవడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అడిగేవాడు కూడా కీబోర్డ్ వాయించేవాడైతే మంచిది. ‘ఈ ప్యాడ్‌లో అటాక్ కొంచెం ఆలస్యంగా పెట్టారు కదా’ అన్న ఒక్క మాటతో ఎదుటి మనిషికి పది విషయాలు గుర్తొస్తాయి.

ఆ ఇళ్లలో అటక మీదో మంచం కిందో పాత డీఎక్స్7, డీ-50, ఎం1 ఇంకా ఉంటే, మొదట చేయాల్సిన పని ఒకటుంది. చాలామంది రిపేరుకు ఇచ్చి బ్యాటరీ మార్పించేస్తారు. తీసిన క్షణంలో లోపలి శబ్దాలన్నీ చెరిగిపోతాయి. ముందు మిడి కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, మెమరీ మొత్తాన్ని ఫైలుగా దించుకోవాలి, కొన్ని నిమిషాల పని. డీఎక్స్7కు గుచ్చే ర్యామ్ కార్ట్రిడ్జ్‌లు ఉంటే వాటిలోనూ వేరే బ్యాటరీ ఉంటుంది, వాటినీ అలాగే దించాలి. ఆ తర్వాత ప్లేయర్ పక్కన కూర్చుని, ఒక్కో ప్యాచ్ (దాచుకున్న శబ్దం) వాయించి, ఇది ఏ పాటలోదో ఆయన చెప్పిందల్లా ఆ ఫైలు పక్కనే రాసి పెట్టాలి. బ్యాటరీ మార్చడం చివర్లో.